నివాస పేటలకు భూగర్భ మురుగు గొట్టముల పొడిగింపు: సూరతు నగరమందలి కతర్‌గామ్ వలన గ్రహింపదగిన విషయములు

నగరపు అంచున వెలసిన నివాస పేటకు మురుగు గొట్టమును పొడిగింపవలసి వచ్చినపుడు పురపాలక కచేరీయందు మొదట అడుగబడు ప్రశ్న, గొట్టము ఎంత నిడివి, ఖర్చు ఎంత యనునది. పని ముగిసిన పిదప పై అధికారులకు పంపబడు నివేదికయందును గొట్టపు నిడివియే వ్రాయబడును. ఆ గొట్టమునకు ఎన్ని యిండ్లు కలుపబడినవో సాధారణముగా ఆ నివేదికవలన తెలియరాదు. ఈ రెండవ లెక్క లేనిచో మొదటి లెక్క ప్రజారోగ్యమునకు అక్కఱకు రాదు. ఇంతేకాక, ఇండ్లు కలుపబడని గొట్టము కొంతకాలమునకు తానే యొక అపాయస్థానమగును. ఇది యెట్లో తెలిసికొనుటకు గుజరాతు రాష్ట్రమున సూరతు నగరపు ఉత్తర భాగమందలి కతర్‌గామ్ పేట మంచి దృష్టాంతము.

సూరతు నగరము తాపీనది సముద్రమున కలియుచోటికి సమీపమున, ఒండ్రుమట్టితో నేర్పడిన పల్లపు మైదానముననున్నది. 1852లో పురపాలక సంఘముగా నేర్పడి, 1966లో కార్పొరేషను అయ్యెను. కతర్‌గామ్ ఒకప్పుడు పట్టణమునకు వెలుపలి గ్రామము. వజ్రముల సానపట్టు పరిశ్రమ వృద్ధియైన కొలది సౌరాష్ట్ర ప్రాంతమునుండి వచ్చిన పనివారితో ఆ గ్రామము నిండిపోయి నగరమున కలిసిపోయినది. పొలములు ఇండ్ల స్థలములైనవి. సొసైటీలను పేర వరుస యిండ్లును, అంతస్తుల మేడలును, వాని సందులలో సాన కార్ఖానాలును లేచినవి. స్థలము కొనలేని కూలివారు మిగిలిన పల్లములలో గుడిసెలు వేసికొనిరి. సూరతు నగర జనసంఖ్య 1981లో దాదాపు 7.8 లక్షలు, 1991లో ఇంచుమించు 15 లక్షలు, 2001లో 24 లక్షలు, 2011లో 44,67,797. ముప్పది సంవత్సరములలో దాదాపు ఆఱు రెట్లయిన ఊరికి, కాగితముపై నెంత చక్కని ప్రణాళికయున్నను, గొట్టములు ఇండ్ల వెనుకనే నడచునుగాని ఇండ్లకు ముందు నడువజాలవు. ఇట్టి స్థితి సూరతునకే పరిమితమైనదని తెలుగు జిల్లాల అధికారులు తలంపరాదు. హైదరాబాదు చుట్టునుగల పేటలయందును, విజయవాడ శివారులయందును ఇండ్లు ముందు, గొట్టము తరువాత అనునదియే వాడుక.

1994 సెప్టెంబరు మాసమున సూరతునందు పుట్టిన ఊపిరితిత్తుల ప్లేగు జ్వరము లోకవిదితము. రోగులలో ననేకులు వేడ్ రోడ్డు, కతర్‌గామ్ ప్రాంతములవారు. ఆ యేడు వర్షములు మిక్కుటమై, తాపీనది పొంగి, పల్లపు పేటలలో వరదనీరు నిలిచియుండెను. చచ్చిన పశువుల కళేబరములును, చెత్తయును వీధులలో కుళ్ళినవి. వార్త పొక్కిన కొలది దినములలోనే లక్షలాది జనులు ఊరు విడిచి రైళ్ళపైన, లారీలపైన పరుగిడిరి. మరమగ్గముల పనికై సూరతునకు వలసపోయిన తెలుగు నేతవారును ఆ జనసమూహమున నుండిరి. కావున నొక శివారు పేటలోని మురుగు తెలంగాణపు పల్లెలలోను భయము పుట్టించినదనుట అతిశయోక్తి కాదు. ఈ వ్యాధి నిజముగా ప్లేగేనా యని పరిశీలించుటకు భారత ప్రభుత్వము నియమించిన సాంకేతిక సలహా సంఘమునకు శ్రీకాకుళమున జన్మించిన వైద్యశాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి గారు అధ్యక్షులు. అది ప్లేగే యని ఆ సంఘము తేల్చినది.

ఇచ్చట నొక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలసియున్నది. సూరతునందు మురుగు గొట్టములు లేనందున ప్లేగు వచ్చినదని పలువురు వ్రాయుదురు. ప్లేగు మురుగునీటిద్వారా వ్యాపించు జాడ్యము కాదు. ఎలుకలయొక్కయు, వానినంటిన గోమారులయొక్కయు మూలమున మనుష్యులకు సోకి, ఊపిరితిత్తులకెక్కినపుడు దగ్గు తుంపరలవలన ఒకరినుండి మఱియొకరికి ప్రాకును. మురుగు గొట్టములవలన నిజముగా తగ్గునవి వేఱు: కలరా, టైఫాయిడు, అతిసారము, నీటివలన వచ్చు కామెర్లు, కడుపులోని నులిపురుగులు. వీనికి తోడు బోదకాలు. నిలిచిన మురుగునీటియందు వృద్ధియగు క్యూలెక్సు దోమ బోదకాలు క్రిమిని మోయును. సూరతునందు ఈ వ్యాధి చిరకాలముగా నుండెడిది. గోదావరి మండలములవారికి దానినిగూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ రోగములు ప్లేగువలె నొక్కవారములో నగరమును ఖాళీచేయవు. అందుచేతనే వానికొఱకు ధనము మంజూరు చేయించుట ప్లేగుకొఱకు చేయించుటకంటె కష్టము.

1995 మే మాసమున సూరతు మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు గారు నగరమును ఆఱు మండలములుగా విభజించి, ఒక్కొక్కదానికి నొక అధికారిని నియమించి, కమిషనరు అధికారములలో పెక్కింటిని వారికిచ్చిరి. అధికారులందఱును ప్రతిదినము ఉదయమున వీధులలో తిరిగి, మధ్యాహ్నము కూడి, చూచినదానిని చెప్పవలెను. చల్లని గదులు విడిచి దినచర్యకు రండని భావమిచ్చునట్లు దీనికొక హాస్యపు పేరును పెట్టిరి. మఱుసటి సంవత్సరమే సూరతు దేశమున పరిశుభ్రమైన నగరములలో రెండవదని పేర్కొనబడెను. ఈ కీర్తియంతయు చెత్త యెత్తుటకే చెందునని తలచుట సరికాదు. ఏ వీధిలో నీరు నిలుచుచున్నదో, ఏ యిల్లు మురుగును వాననీటి కాలువలోనికి వదలుచున్నదో ఆ తిరుగుటవలననే తెలిసినది. గొట్టపు పొడిగింపునకు మొదటి సాధనము పటము కాదు, ఆ తిరుగుటయే.

ఇక గొట్టపు సంగతి. మురుగు గొట్టము నీళ్ళ గొట్టమువంటిది కాదు. నీళ్ళ గొట్టమున నీరు ఒత్తిడివలన పోవును, కావున అది యెత్తుపల్లములను లెక్కచేయదు. మురుగు తన బరువుచేతనే పారవలెను; గొట్టము ఎల్లప్పుడు కొంత వెలితిగానుండి, క్రమమైన వాటము కలిగియుండవలెను. ప్రవాహవేగము క్షణమునకు 0.6 మీటరుకంటె తగ్గినచో ఇసుకయు, మలినమును అడుగున పేరుకొనును. దినమున కొక్కసారియైనను ఈ వేగమునందుకొన్న గొట్టము తన్నుతాను కడుగుకొనును.

ఐదువందల యిండ్లుగల యొక సొసైటీని తీసికొందము. ఇంటికి ఐదుగురు చొప్పునను, మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు చొప్పునను, అందులో నూటికి 80 పాళ్ళు మురుగుగా మాఱునను లెక్కచొప్పునను దినమునకు 2,70,000 లీటర్లు వచ్చును. ఇది క్షణమునకు సగటున 3.1 లీటర్లు. కాని ప్రాతఃకాలమున అందఱును ఒకేసారి స్నానములు చేయుదురు గనుక అత్యధిక ప్రవాహము సగటునకు మూడింతలు, అనగా 9.4 లీటర్లు. 200 మిల్లీమీటర్ల గొట్టమును 300 మీటర్లకు 1 మీటరు వాటముతో వేసినచో ఈ ప్రవాహము సగము గొట్టము నిండి, సరిగా 0.6 మీటరు వేగముతో పోవును. ఇంజనీరు లెక్క తప్పులేదు. కాగితము చక్కగా నున్నది.

ఇప్పుడు పని ముగిసి సంవత్సరము గడచినది. ఐదువందల యిండ్లలో నూఱు మాత్రమే కలుపబడినవి. అత్యధిక ప్రవాహము 1.9 లీటర్లకు పడిపోవును. అదే గొట్టములో వేగము 0.4 మీటరునకు లోపలనే యుండును. ఉదయపు వేళయందును గొట్టము తన్నుతాను కడుగుకొనలేదు. మడ్డి పేరుకొనును, గొట్టము ఇఱుకగును, మాన్‌హోలునుండి మురుగు వీధిలోనికి పొంగును. దానిని చూచిన మిగిలిన నాలుగువందల యిండ్లవారు, ఈ గొట్టము పనికిరానిదని చెప్పి తమ పాత గొయ్యినే వాడుకొందురు. వారు చెప్పునది ఆ దినమునకు నిజమే. వారు కలుపనందున గొట్టము చెడినది. గొట్టము చెడినందున వారు కలుపరు. ఈ చక్రమును తెంచుట ఇంజనీరు శాఖవలన కాదు. ఇది ఆరోగ్య, రెవిన్యూ అధికారుల పని. గొట్టము పూడ్చిన పిదప గాక, దానికి పూర్వమే ఆరంభింపవలసిన పని.

వాటముగూర్చి యింకొక మాట. 300కు 1 చొప్పున వాటమన్నచో ఒక కిలోమీటరు దూరమునకు గొట్టము 3.3 మీటర్లు క్రిందికి దిగవలెను. నేలకు ఒక మీటరు లోతున ఆరంభించినది రెండవ కిలోమీటరు చివర దాదాపు ఏడున్నర మీటర్ల లోతుననుండును. మిట్టపల్లములుగల ఊరిలో నేలయే వాలియుండును గనుక ఇబ్బంది లేదు. సూరతువంటి సమతల ప్రదేశమున, నదికి దగ్గఱగా, త్రవ్వినకొలది నీరూరు నేలయందు అంత లోతు కందకము త్రవ్వి, గోడలు విరిగిపడకుండ పలకలు నిలిపి గొట్టము వేయుట కష్టమును, ఖర్చును, ప్రాణాపాయమును కూడ. అందువలననే నడుమ నడుమ పంపింగు స్టేషనులు కట్టి మురుగును పైకెత్తి మరల వాలునకు వదలుదురు. పంపింగు స్టేషను కట్టిన నగరము విద్యుత్తునకు బందీయైనదని గ్రహింపవలెను. మారు యంత్రము, మారు విద్యుత్తు లేని స్టేషను వానకాలమున మొదటి రాత్రియే ఆగిపోవును. కృష్ణా, గోదావరి డెల్టా పట్టణములవారు ఈ సంగతిని సూరతువారికంటె తక్కువగా నెఱుగరు.

ఇంటియజమానులు గొట్టమునకు కలుపుకొనుటకు వెనుకాడు కారణములను తెలియనిదే నోటీసులు పంపుట వృథా. కొందఱు అప్పటికే సెప్టిక్ ట్యాంకునకు సొమ్ము వెచ్చించియుందురు. కొందఱి మరుగుదొడ్లు ఇంటి వెనుకనుండును; గొట్టము ముందు వీధిలో పోవును; కలుపవలెనన్న నడుమనున్న గచ్చంతయు పగులగొట్టవలెను. మఱికొందఱి యిల్లు వీధి మట్టముకంటె పల్లమున నుండును. వీధిని ప్రతిసారి మెఱక చేయుచు పోయినది పురపాలకమే యైనపుడు ఆ తప్పు ఇంటివానిది కాదు. అద్దె యిండ్లలో ఖర్చు యజమానిది, బాధ అద్దెదారుది. వజ్రపు కార్మికులు పదిమంది యొక గదిలో నుండు చోట్ల యజమాని ఆ వీధిలోనే యుండడు. సూరతునకు వర్తించు 1949 నాటి బొంబాయి ప్రాంతీయ పురపాలక కార్పొరేషనుల చట్టము, ఇప్పుడు గుజరాతు పేర పిలువబడునది, సమీపముననున్న పురపాలకపు మురుగు కాలువకు ఇంటిని కలుపుమని యజమానిని నిర్బంధించు అధికారమును కమిషనరునకిచ్చుచున్నది. అధికారము ఉన్నది, దానిని వాడుటకు ముందు ఇంటింటి పట్టిక యుండవలెను. పట్టికలో యజమాని పేరు, మరుగుదొడ్డి యుండు దిక్కు, దాని మట్టము, పాత గొయ్యి స్థితి వ్రాయవలెను. కందకము తెఱచియుండగనే ప్రతి యింటి సరిహద్దువఱకు చిన్న గొట్టమును తెచ్చి మూతవేసి యుంచినచో తరువాత వీధిని రెండవసారి త్రవ్వనక్కఱ లేదు. ఇంటివానికి ఖర్చును సగమగును. అంచనాలో ఈ చిన్న గొట్టములను చేర్చక, ప్రధాన గొట్టము చౌకగా పూర్తియైనదని సంతోషించుట మన కచేరీలలో పాత అలవాటు.

గుడిసెల వాడలయందు చిక్కు వేఱు. స్థలముపై హక్కు లేనివాడు, రేపు తొలగింపబడుదునేమోయను భయముతో మరుగుదొడ్డికి సొమ్ము పెట్టడు. పురపాలకమును, హక్కు లేనివానికి గొట్టమిచ్చిన హక్కు ఒప్పుకొన్నట్లగునని సంశయించును. ఈ చిక్కునకు అహమ్మదాబాదు నగరమున 1990ల నడుమ ఆరంభింపబడిన మురికివాడల అనుసంధాన పథకము ఒక త్రోవ చూపినది. ప్రతి కుటుంబమును రెండువేల రూపాయలు తన భాగముగా చెల్లించును. కార్పొరేషను పది సంవత్సరములవఱకు తొలగింపమని హామీ యిచ్చును. ఇంటింటికి నీరు, మురుగు గొట్టము, మరుగుదొడ్డి ఏర్పడును. పట్టా ఇచ్చినది కాదు. పది సంవత్సరముల నిద్ర ఇచ్చినది. ఈ హామీపత్రము రెవిన్యూ వారి అనుమతి లేక సాగదు కనుక తాలూకా, మండల అధికారులు ఈ పద్ధతిని ప్రత్యేకముగా పరిశీలింపదగును.

ఇండ్లనన్నిటిని కలిపి, మురుగు పోవు చోటును మఱచుట ఇంకొక ప్రమాదము. 1840లలో లండను నగరమున ఇండ్ల గోతులను మూయించి మురుగునంతయు కాలువలద్వారా థేమ్సునదికి త్రిప్పిరి. ఇండ్లు బాగుపడినవి; త్రాగునీరు ఆ నదినుండియే తీసికొనుచుండిరి కనుక కలరా విజృంభించెను. 1858 వేసవిలో నది దుర్గంధము పార్లమెంటు భవనమును చుట్టుకొన్న పిదపనే జోసెఫ్ బజల్‌గెట్ గారి పెద్ద కాలువలకు అనుమతి దొరకినది. కతర్‌గామ్ విషయమున ఈ ప్రమాదము పుస్తకములోనిది కాదు. నగరమునకు త్రాగునీరిచ్చు నీటి కర్మాగారములలో నొకటి కతర్‌గామ్‌లోనే యున్నది. సింగణ్‌పోర్ వద్ద 1995లో పూర్తియైన అడ్డుకట్ట ఎగువన తాపీనీటిని నిలుపును. కట్టకు ఎగువన నదిలో పడు ప్రతి మురుగు ధారయు పారిపోక ఆ త్రాగునీటి మడుగులోనే నిలుచును. కావున శివారు పేటల గొట్టము పంపింగు స్టేషనులద్వారా శుద్ధి కేంద్రమునకు చేరుట తప్పనిసరి. నగరపు అంజణా కేంద్రమున 2003లో మురుగునుండి పుట్టు వాయువుతో విద్యుత్తు చేయుట ఆరంభింపబడినది. పంపింగునకు తగులు ఖర్చు కొంత యీ విధముగా తిరిగి వచ్చును.

వరదల కాలమున ఈ యేర్పాటంతయు పరీక్షకు నిలుచును. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి నీరు వదలగా సూరతు నగరములో అధిక భాగము మునిగెను. నది పొంగినపుడు కాలువ నోటనుండి నీరు వెనుకకు తన్ని పేటలలోనికి వచ్చును. నదివైపు మాత్రమే తెరచుకొను తలుపులు ఆ నోళ్ళకు బిగించి, వానకాలమునకు ముందే అవి కదలుచున్నవో లేవో చేతితో త్రోసి చూడవలెను. మురుగు గొట్టమునకు వాననీటి గొట్టములను కలుపుటను గట్టిగా నివారింపవలెను. మేడమీది వాననీటిని మురుగులోనికి వదలు ఇల్లు ఒక గంట వానలో నూఱు యిండ్ల మురుగంత నీటిని పంపగలదు. ఇట్టి దొంగ కలయికలు వాన కురియుచుండగనే కనబడును. ఎండలో పరిశీలించినవారికి కనబడవు.

త్రాగునీటి గొట్టమును, మురుగు గొట్టమును ఇఱుకు సందులో ఒకే కందకమున పెట్టు గుత్తదార్లు లేకపోలేదు. మన ఊళ్ళలో త్రాగునీరు దినమునకు కొన్ని గంటలే వచ్చును. నీరు ఆగినపుడు గొట్టములో ఒత్తిడి పోయి, చుట్టునున్న తడినేలలోని మలినమును బీటల గుండ లోపలికి పీల్చుకొనును. నీటి గొట్టము పైనను, మురుగు గొట్టము క్రిందను, రెంటికి నడుమ వీలైనంత దూరమును ఉంచవలెను. అట్లు వీలుపడని సందులలో మురుగు గొట్టపు అతుకులను పూడ్చకమునుపు నీరు నింపి పరీక్షింపవలెను. ఒక పేటలో కామెర్లు గుంపుగా కనబడినపుడు మొదట చూడవలసినవి ఈ కూడళ్ళే.

తుదకు, మడ్డి పేరుకొన్న గొట్టములోనికి దిగు పనివాని సంగతి. నెమ్మదిగా కదలు మురుగునుండి హైడ్రోజన్ సల్ఫైడ్ అను విషవాయువు పుట్టును. అది గాలికంటె బరువైనది; మాన్‌హోలు అడుగున నిలుచును. కొద్దిగానున్నపుడు కుళ్ళిన గ్రుడ్ల వాసన వేయును; మిక్కుటమైనపుడు ముక్కు వాసనను గ్రహించు శక్తినే కోల్పోవును. వాసన లేదు కనుక అపాయము లేదని దిగినవాడు మరల పైకి రాడు. వానిని లాగుటకు దిగినవాడును రాడు. పైన చెప్పిన నూఱు యిండ్ల గొట్టమునకు, ఈ మరణమునకు నడుమనున్న దూరము తక్కువ. 2013 నాటి చట్టము పాకీపనిని, రక్షణ సాధనములు లేక మురుగు గొట్టములలోనికి మనుష్యులను దింపుటను నిషేధించినది. సుప్రీము కోర్టు 2014 మార్చిలో, 1993 మొదలు మురుగు పనిలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల చొప్పున ఇయ్యవలెనని తీర్పు చెప్పి, 2023 అక్టోబరులో ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచినది. పనిచేయించినది గుత్తదారుడే యనుట పురపాలకమునకు అడ్డు కాదు.

కావున గొట్టపు పొడిగింపు అంచనాలోనే మడ్డిని పీల్చు యంత్రమునకు, గొట్టమును ఒత్తిడినీటితో కడుగు యంత్రమునకు, వాయువును కొలుచు పరికరమునకు ధనము చేర్చవలెను. మొదటి రెండు సంవత్సరములలో, ఇండ్లు నిండుగా కలియువఱకు, ప్రతి గొట్టపు తలవైపు మాన్‌హోలునందు పక్షమున కొక్కసారి నీరు నింపి ఒక్కుమ్మడిగా వదలినచో మడ్డి పేరుకొనకుండును. ఇందులకు నీటి బండి యొక్కటి చాలును. మాస నివేదికయందు వేసిన గొట్టపు నిడివి గడికి ప్రక్కన, కలిసిన యిండ్లసంఖ్య, కలియవలసిన యిండ్లసంఖ్య, ఆ మాసమున గొట్టములోనికి మనిషి దిగెనా, దిగినచో ఎవరి వ్రాతపూర్వకమైన అనుమతితో, అను నాలుగు గడులు ఉండవలెను. చివరి గడి ప్రతి మాసమును ఖాళీగానున్నను దానిని తీసివేయరాదు.